ఆ ఎడమచేయి ఎవరిది?

ఆట మొదలయ్యే ముందు లాకర్ గదిలో ఒక ఆటగాడి ఎడమచేతికి, భుజానికి, వీపుకి లేపనం పట్టిస్తున్నారు. దాని పేరు క్యాప్సోలిన్. మిరపకాయ ఘాటుతో తయారైన మందు. మిరపకాయలు తుంచిన చేత్తో పొరపాటున కన్ను నలుపుకున్న వాళ్ళకి ఆ మంట ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. మోచేతి లోపలి నొప్పి తెలియకుండా ఉండాలంటే పైన చర్మం భగభగ మండాలి. అది చాలకపోతే కోడీన్ మాత్ర. వాపు తగ్గడానికి, పందెపు గుర్రాలకు కూడా వాడే బ్యూటజాలిడిన్. మధ్యమధ్య కీలులోకి నేరుగా కార్టిజోన్ సూది. ఇవన్నీ అయ్యాక ఆయన మైదానంలోకి వెళ్ళి రెండు గంటలకు పైగా బంతులు విసిరి, ఎదుటి జట్టును చిత్తుచేసి తిరిగొస్తాడు. వచ్చి, రబ్బరు తొడుగు వేసుకుని మోచేతిని మంచునీళ్ళలో ముంచి కూర్చుంటాడు. తొడుగు లేకపోతే ఆ చలికి చర్మం చచ్చుబడిపోతుంది.

ఆయన పేరు శాండీ కోఫాక్స్. అమెరికా బేస్‌బాల్‌లో ఎడమచేతి పిచ్చర్ల మాట వస్తే ముందుగా వినిపించే పేర్లలో ఒకటి. ఆడింది 12 సీజన్లే. అందులో మొదటి ఆరు అంతంతమాత్రం. తర్వాతి ఆరు సీజన్లలో ఆయన ఆడిన తీరు గురించి అరవై ఏళ్ళ తర్వాత కూడా అక్కడివాళ్ళు చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ ఆరో సీజన్ ముగియగానే, ఇంకా 31 నిండకుండానే, ఆట మానేశాడు.

ఆయన జీవితం గురించి చదివినప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. ఆ ఎడమచేయి ఎవరిది? జీతమిచ్చే క్లబ్బుదా? టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనానిదా? సూదులు వేసి ఆడేలా చేసిన డాక్టర్లదా? దాన్ని మోస్తున్న మనిషిదా? ఈ ప్రశ్నకు కోఫాక్స్ ఒక్కసారిగా జవాబు చెప్పలేదు. పన్నెండేళ్ళు పట్టింది.

ముందు ఆట గురించి రెండు మాటలు చెప్పుకుందాం. మనకు తెలిసిన ఆట క్రికెట్ కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. పిచ్చర్ అంటే మన బౌలర్ స్థానంలో ఉండేవాడు. అయితే పరిగెత్తుకుంటూ రాడు. మైదానం మధ్య చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, మోచేయి వంచి, ఒళ్ళంతా విల్లులా తిప్పి విసురుతాడు. మన అంపైర్లయితే ఆ విసురుకు నోబాల్ ఇస్తారు. బంతి నేలకు తగలకుండా 60 అడుగుల 6 అంగుళాల దూరం దాటి నేరుగా బ్యాటర్ ముందుకు వస్తుంది. బ్యాటర్ ఊపి తగిలించలేకపోయినా, గురిలో వచ్చిన బంతిని వదిలేసినా అది స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్, దాన్నే స్ట్రైక్ అవుట్ అంటారు. గురితప్పి నాలుగు బంతులు పక్కకు పోతే అతను ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోతాడు. దాన్ని వాక్ అంటారు. బంతిని కొట్టి బేస్ చేరితే హిట్, బేస్‌లన్నీ చుట్టి వస్తే ఒక పరుగు. ఒక్కో జట్టుకు 9 ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌కు ముగ్గురు అవుట్. మొత్తం ఆట ఒక్క పిచ్చరే వేస్తే సుమారు 120 బంతులు అవుతాయి. మన లెక్కలో 20 ఓవర్లు, అన్నీ పూర్తి బలంతో. కోఫాక్స్ కాలంలో నాలుగు రోజులకోసారి ఆ పని మళ్ళీ చెయ్యాల్సి వచ్చేది.

ఈ ఆటలో ఎడమచేతి వాటం వాళ్ళకు గిరాకీ ఎక్కువ. ఎడమచేత్తో ఆడే బ్యాటర్‌కి ఎడమచేతి పిచ్చర్ విసిరే బంతి వీపు వెనకనుంచి వస్తున్నట్టు ఉంటుంది. పైగా దిబ్బ మీద నిలబడినప్పుడు ఎడమచేతివాడి ముఖం మొదటి బేస్ వైపు ఉంటుంది. అక్కడి రన్నర్ ఒక్క అడుగు ఎక్కువ వేసినా పట్టేస్తాడు. మన దేశానికీ ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. 2008లో ఒక టీవీ పోటీ ద్వారా ఎంపికై, పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బుతో ఒప్పందం చేసుకుని అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయులు ఇద్దరు. వాళ్ళలో ఒకరు ఉత్తరప్రదేశ్‌కి చెందిన రింకూ సింగ్. అంతవరకు జావెలిన్ విసిరిన కుర్రాడు. అతనిదీ ఎడమచేయే.

ఇక కోఫాక్స్ దగ్గరకు వద్దాం. 1935 డిసెంబరు 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి తర్వాత ఇర్వింగ్ కోఫాక్స్ అనే న్యాయవాదిని పెళ్ళాడింది. శాండీ ఆయన ఇంటిపేరే పెట్టుకున్నాడు. కుర్రాడికి ప్రాణం బాస్కెట్‌బాల్. సిన్సినాటి విశ్వవిద్యాలయానికి వెళ్ళింది కూడా ఆ ఆట కోసమే. చదువు పూర్తిచేసి ఆర్కిటెక్ట్ కావాలన్నది ఆలోచన. బేస్‌బాల్ పక్కవాటుగా తగులుకుంది. కానీ ఆ చేతి వేగం చూసినవాళ్ళు ఊరుకోలేదు. డాడ్జర్స్ క్లబ్బు ప్రతినిధి ఆల్ కాంపానిస్ తన జీవితంలో రెండేసార్లు ఒళ్ళు గగుర్పొడిచిందనేవాడు. ఒకటి రోమ్‌లో మైకలాంజిలో చిత్రించిన గుడి పైకప్పు చూసినప్పుడు, రెండోది ఈ కుర్రాడు విసిరిన బంతి చూసినప్పుడు.

1954 డిసెంబరులో, 19 నిండకముందే, బ్రూక్లిన్ డాడ్జర్స్ అతన్ని తీసుకుంది. ఏడాదికి 6,000 డాలర్ల జీతం, సంతకానికి 14,000 డాలర్ల బోనస్. ఈ బోనస్సే తర్వాత మెడకు చుట్టుకుంది. ఆ రోజుల్లో ఒక నిబంధన ఉండేది. 4,000 డాలర్ల కంటే ఎక్కువ ఇచ్చి తెచ్చుకున్న కొత్తవాణ్ణి రెండేళ్ళపాటు పెద్ద జట్టులోనే ఉంచాలి, శిక్షణ కోసం చిన్న లీగులకు పంపకూడదు. ధనిక క్లబ్బులు డబ్బు వెదజల్లి కుర్రాళ్ళందరినీ మూటగట్టుకోకుండా పెట్టిన నియమం అది. దాని ఫలితం మాత్రం కుర్రాళ్ళ మీద పడింది. పని నేర్చుకోవాల్సిన వయసులో కోఫాక్స్ మహామహుల జట్టులో బెంచీ మీద కూర్చున్నాడు. అతనికి చోటివ్వడానికి ఇంకో ఎడమచేతి పిచ్చర్‌ని చిన్న లీగుకు దించారు. ఆ పిచ్చరే టామీ లసోర్డా. తర్వాత అదే డాడ్జర్స్‌కి మేనేజరై 1981లో, 1988లో రెండు పెద్ద లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ గెలిపించాడు.

1955లో బ్రూక్లిన్ డాడ్జర్స్ చరిత్రలో తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది. కోఫాక్స్ ఒక్క బంతీ వెయ్యలేదు. ఆ రోజు ఆట అయిపోగానే కొలంబియా విశ్వవిద్యాలయంలో క్లాసుకు వెళ్ళిపోయాడు.

1960 దాకా అదే కథ. వేగం ఉంది, గురి లేదు. ఒకరోజు బ్రహ్మాండంగా వేస్తాడు. 1959 ఆగస్టు 31న జయంట్స్ జట్టు మీద ఒకే ఆటలో 18 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. అప్పటికి అది రికార్డుతో సమానం. మరోరోజు వరసగా వాక్‌లిచ్చి దిబ్బ దిగిపోతాడు. మేనేజర్ వాల్టర్ ఆల్స్టన్‌కి నమ్మకం కుదరదు, పది రోజులకోసారి బంతి ఇస్తాడు. బంతి చేతికి రాకపోతే గురి కుదరదు, గురి కుదరకపోతే బంతి చేతికి రాదు. ఆల్స్టన్ మంచి మేనేజరే, కాదనను. ఈ కుర్రాడి విషయంలో మాత్రం ఓపిక పట్టలేదనే నా అభిప్రాయం. మొదటి ఆరేళ్ళ లెక్క 36 గెలుపులు, 40 ఓటములు.

1960 సీజన్ ఆఖరి రోజున కోఫాక్స్ తన గ్లవ్స్, బూట్లు చెత్తబుట్టలో పడేసి వెళ్ళిపోయాడు. ఆట మానేసి వ్యాపారం చూసుకుందామన్నది ఉద్దేశం. జట్టు సామాను చూసుకునే నోబ్ కవానో వాటిని బయటికి తీసి దాచాడు. వసంతంలో కోఫాక్స్ మళ్ళీ వచ్చినప్పుడు తిరిగి చేతికిచ్చాడు. కవానో ఆ పని చెయ్యకపోయినా కోఫాక్స్ కొత్త గ్లవ్స్ కొనుక్కుని ఉండేవాడేమో. అయినా ఈ కథలో నాకు ఇష్టమైన మనిషి కవానో.

ఆ వసంతంలోనే, 1961లో, ఫ్లోరిడాలోని ఓర్లాండోలో ఒక సన్నాహక ఆట. లెక్కలోకి రాని ఆట. కోఫాక్స్ మొదటి ఇన్నింగ్స్‌లోనే వాక్‌లిచ్చి బేస్‌లు నింపేశాడు. కోపం వచ్చింది. కోపం వస్తే ఇంకా గట్టిగా విసరడం అతని అలవాటు. గట్టిగా విసిరినకొద్దీ బంతి ఇంకా దూరం పోతుంది. మన వికెట్‌కీపర్ లాంటి క్యాచర్, నార్మ్ షెర్రీ, దిబ్బ దగ్గరకు నడిచి వచ్చాడు. అంత బలం పెట్టకు, కాస్త తగ్గించు, వాళ్ళను కొట్టనీ, పట్టుకోవడానికి మనవాళ్ళున్నారు, అన్నది ఆయన చెప్పిన మాటల సారాంశం. కోఫాక్స్ విన్నాడు. తగ్గించి వేశాడు. విచిత్రమేమిటంటే బంతి వేగం తగ్గలేదు. బిగుసుకున్న కండరాలు వదులయ్యేసరికి విసురు ఇంకా సాఫీగా వచ్చింది, బంతి అనుకున్న చోట పడింది. ముగ్గురు బ్యాటర్లనూ స్ట్రైక్ అవుట్ చేసి దిగాడు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు, ఈత నేర్చుకున్నవాళ్ళకు ఈ రహస్యం తెలిసే ఉంటుంది. కోఫాక్స్‌కి తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

దానికి తోడు జట్టు గణాంకకుడు అల్లన్ రాత్ లెక్కలు వేసి చూపించాడు. మొదటి బంతి స్ట్రైక్ పడితే ఆ బ్యాటర్ సగం ఓడిపోయినట్టేనని. అప్పటినుంచి కోఫాక్స్ మారిపోయాడు. ఆయన దగ్గర ఉన్నవి ముఖ్యంగా రెండే బంతులు. ఒకటి ఫాస్ట్‌బాల్, బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి పైకి లేస్తున్నట్టు కనిపించేది. రెండోది కర్వ్‌బాల్, పొడవాటి వేళ్ళతో తిప్పి వదిలితే తల ఎత్తులో వచ్చి మోకాళ్ళ దగ్గరకు దిగిపోయేది. ఏది రాబోతోందో బ్యాటర్లు కొన్నిసార్లు ముందే పసిగట్టేవాళ్ళు. పసిగట్టినా తగిలించలేకపోయేవాళ్ళు.

1961లో 18 గెలుపులు, 269 స్ట్రైక్ అవుట్లు. డాడ్జర్స్ ఆడే నేషనల్ లీగ్‌లో 1903 నుంచి నిలిచిన రికార్డు చెరిగిపోయింది. 1962 నుంచి 1966 దాకా వరసగా ఐదేళ్ళు లీగ్‌లో అతి తక్కువ పరుగులిచ్చిన సగటు ఆయనదే. ఆ రోజుల్లో రెండు లీగులకూ కలిపి ఒకే ఒక ఉత్తమ పిచ్చర్ పురస్కారం ఉండేది, సై యంగ్ అవార్డు. 1963, 1965, 1966లలో మూడుసార్లూ ఓటర్లందరూ ఏకగ్రీవంగా కోఫాక్స్‌కే వేశారు. 1963 వరల్డ్ సిరీస్ తొలి ఆటలో న్యూయార్క్ యాంకీస్ అంతటి జట్టులో 15 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. డాడ్జర్స్ ఆ సిరీస్‌ని నాలుగాటల్లోనే ముగించింది.

ఇప్పుడు ఒక రాత్రి గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. మనం రేడియో దగ్గర కూర్చున్నాం కాబట్టి ఇంకా బాగా చెప్పాలి. 1965 సెప్టెంబరు 9, లాస్ ఏంజెలిస్‌లోని డాడ్జర్ స్టేడియం. 1958లోనే క్లబ్బు బ్రూక్లిన్ నుంచి అక్కడికి తరలిపోయింది. ఆ ఊరి జనానికి ఒక అలవాటు ఉండేది. ఆట చూడ్డానికి వస్తూ ట్రాన్సిస్టర్ రేడియో వెంట తెచ్చుకునేవాళ్ళు. కళ్ళముందు జరుగుతున్న ఆటనే వ్యాఖ్యాత విన్ స్కల్లీ గొంతులో వింటూ చూసేవాళ్ళు. మన దగ్గరా ఆ కాలంలో క్రికెట్ వ్యాఖ్యానం కోసం ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని తిరిగినవాళ్ళకు ఆ మోజు తెలుసు.

ఆ రాత్రి ప్రత్యర్థి చికాగో కబ్స్. వాళ్ళ పిచ్చర్ బాబ్ హెండ్లీ. ఆయనా ఎడమచేతివాడే. ఎంత బాగా వేశాడంటే డాడ్జర్స్‌కి ఆటంతా కలిపి ఒక్క హిట్టే ఇచ్చాడు. ఐదో ఇన్నింగ్స్‌లో లూ జాన్సన్ వాక్‌తో మొదటి బేస్ చేరి, రెండోదానికి జరిగి, మూడోది దొంగిలిస్తుంటే క్యాచర్ విసిరిన బంతి గురితప్పింది. జాన్సన్ లేచి, పరుగు పూర్తయ్యే హోమ్ బేస్‌కి పరిగెత్తాడు. హిట్ లేకుండా వచ్చిన ఆ ఒక్క పరుగే రెండు జట్లకూ కలిపి ఆ రాత్రి నమోదైన పరుగు. హెండ్లీ పేరు ఈ సందర్భంలో తప్ప ఎవరూ తలుచుకోరు. ఆయన వేసిన ఆట మాత్రం ఇంకే రాత్రి అయినా గెలుపే.

ఇటు కోఫాక్స్ ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముగ్గురూ స్ట్రైక్ అవుట్. తొమ్మిదోది మొదలైంది. టీవీ ప్రసారం లేదు. ఆ చివరి ఇన్నింగ్స్ వ్యాఖ్యానం రికార్డు చేయిస్తున్నాడు స్కల్లీ. ఆ రికార్డు కోఫాక్స్‌కి జ్ఞాపకంగా మిగిలిపోవాలని మధ్యమధ్య తేదీ, టైము చెబుతూ వచ్చాడు. పిచ్చర్ టోపీ తీసి నుదురు తుడుచుకోవడం, ప్యాంటుకు చెయ్యి రాసుకోవడం, డగౌట్ నుంచి ఎవరు తొంగిచూస్తున్నారన్నది, ఏదీ వదలకుండా చెప్పాడు. రాత్రి 9 గంటల 46 నిమిషాలకు హార్వీ క్యూన్ బ్యాట్ ఊపాడు. బంతి క్యాచర్ జెఫ్ టోర్‌బోర్గ్ చేతిలో పడింది. 27 మంది వచ్చారు, 27 మందీ వెనుదిరిగారు. 14 స్ట్రైక్ అవుట్లు, చివరి ఆరుగురూ వరసగా. పర్ఫెక్ట్ గేమ్ అంటే ఇదే. ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటలు నాలుగు వేసిన తొలి పిచ్చర్ ఆ రాత్రితో కోఫాక్స్ అయ్యాడు. ఆఖరి బంతి పడ్డాక స్కల్లీ అర నిమిషం పైగా మాట్లాడలేదు. జనం హోరును విననిచ్చాడు. మైకు ముందు కూర్చునే వాళ్ళం ఆ మౌనం దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

అదే చేతికి అప్పటికే జబ్బు ముదిరింది. 1964 ఆగస్టులో మిల్వాకీలో రెండో బేస్‌లోకి వెనక్కి దూకుతూ ఎడమ మోచేతి మీద పడ్డాడు. కొన్నాళ్ళు అలాగే ఆడాడు. ఒక ఆటలో 13 మందిని స్ట్రైక్ అవుట్ చేసి పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి చెయ్యి చాచలేకపోయాడు. డాక్టర్ రాబర్ట్ కెర్లన్ పరీక్షించి కీలువాతం అన్నాడు. విసిరి విసిరి మోచేతి కీలులోని మృదులాస్థి అరిగిపోయింది. 1965 వసంతంలో ఒక ఆట మొత్తం వేశాక మర్నాడు చూస్తే చెయ్యంతా లోపల రక్తం కమ్మి నల్లగా కమిలిపోయింది. ఇలా ఆడితే కొన్నాళ్ళకు ఆ చెయ్యి పూర్తిగా పనికిరాకుండా పోవచ్చని డాక్టర్ హెచ్చరించాడు. వారానికోసారి ఆడితే చాలునన్నారు. కోఫాక్స్ ఆ ఏడాది మామూలు వంతు ప్రకారమే ఆడాడు. 335 ఇన్నింగ్స్‌కు పైగా వేసి, 26 ఆటలు గెలిచి, 382 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. ఇప్పటి పిచ్చర్లలో ఏడాదికి 200 ఇన్నింగ్స్ వేసేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

ఆ అక్టోబరులో మిన్నెసోటా ట్విన్స్‌తో వరల్డ్ సిరీస్. తొలి ఆట అక్టోబరు 6న పడింది. ఆ రోజు యూదులకు పరమ పవిత్రమైన యోమ్ కిప్పూర్, ఉపవాసంతో ప్రాయశ్చిత్తం చేసుకునే రోజు. కోఫాక్స్ నిష్ఠాపరుడేం కాదు. అయినా ఆ రోజు ఆడనని చెప్పాడు. ఎవరినీ సవాలు చెయ్యలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. అమెరికాలో యూదుల పిల్లలు ఎన్నో చోట్ల చిన్నచూపు చవిచూసిన కాలం. దేశమంతా చూస్తున్న ఆటకు తమవాడు ఇవాళ రానన్నాడని తెలిసి వాళ్ళ ఇళ్ళల్లో ఎంత ధైర్యం వచ్చిందో చెప్పుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆయన బదులు వేసిన డాన్ డ్రైస్‌డేల్ మూడో ఇన్నింగ్స్ పూర్తికాకుండానే ఏడు పరుగులిచ్చి దిగిపోయాడు. జట్టు ఓడింది.

సిరీస్ మూడు మూడు అయి ఏడో ఆట దాకా వచ్చింది. అక్టోబరు 14. మధ్యలో రెండు రోజులే విశ్రాంతి. కర్వ్‌బాల్ వెయ్యబోతే మోచెయ్యి సహకరించలేదు. గురీ కుదరలేదు. దాన్ని దాదాపు పక్కన పెట్టేసి ఫాస్ట్‌బాల్‌తోనే 9 ఇన్నింగ్స్ ఈడ్చాడు. ప్రపంచ విజేతలను నిర్ణయించే ఆట అది. 10 మందిని స్ట్రైక్ అవుట్ చేసి, ఒక్క పరుగూ ఇవ్వకుండా 2-0తో గెలిపించాడు.

అంత చేసినవాడికి జీతమెంత? 1965లో 85,000 డాలర్లు. డ్రైస్‌డేల్‌కి 80,000. ఆ రోజుల్లో క్లబ్బు ఒకసారి సంతకం చేయించుకుంటే ఆటగాడు ఆ క్లబ్బుకే కట్టుబడి ఉండాలి. ఎంతిస్తే అంత తీసుకోవాలి, లేదా ఆట మానుకోవాలి. ఇంకో క్లబ్బు పిలవడానికి వీల్లేదు. జీతం మాట్లాడ్డానికి వెళితే జనరల్ మేనేజర్ బజీ బవేసీ, డ్రైస్‌డేల్ ఇంతకే ఒప్పుకుంటున్నాడు కదా అని కోఫాక్స్‌తోనూ, కోఫాక్స్ ఇంతకే ఒప్పుకుంటున్నాడు కదా అని డ్రైస్‌డేల్‌తోనూ అన్నాడు. ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునేసరికి గుట్టు బయటపడింది. 1966 వసంతంలో ఇద్దరూ కలిసి బిగుసుకున్నారు. ఇద్దరికీ కలిపి మూడేళ్ళకు 10 లక్షల డాలర్లు, మా తరఫున లాయరు మాట్లాడతాడు, ఒకరికి కుదిరితేనే రెండోవాడు సంతకం చేస్తాడు. శిక్షణ శిబిరానికి వెళ్ళలేదు. పత్రికలు దురాశ అన్నాయి. 32 రోజుల తర్వాత రాజీ కుదిరింది. కోఫాక్స్‌కి 1,25,000, డ్రైస్‌డేల్‌కి 1,10,000. అడిగినంత రాలేదు. కానీ బేస్‌బాల్‌లో ఆటగాళ్ళు జట్టుకట్టి బేరమాడవచ్చని దేశమంతా చూసింది. అదే ఏడాది మార్విన్ మిల్లర్ ఆటగాళ్ళ సంఘానికి నాయకుడయ్యాడు. 1975 డిసెంబరులో మధ్యవర్తి తీర్పుతో ఆ కట్టుబానిసత్వపు నిబంధన కూలింది. పర్ఫెక్ట్ గేమ్ కంటే నేను ఆ 32 రోజులకే ఎక్కువ విలువిస్తాను. అలాంటి ఆట పిచ్చర్‌కి ఒక్కరోజు కుదిరితే చాలు. ఆ బెట్టుకు మాత్రం పేరు పణంగా పెట్టాలి, పొగిడిన పత్రికలే తిడుతుంటే ఓర్చుకోవాలి.

1966 ఆయన ఆఖరి సీజన్. అది ఆయనకు తెలుసు, జనానికి తెలియదు. క్యాప్సోలిన్, మాత్రలు, సూదులు, మంచునీళ్ళు మామూలే. ఆ స్థితిలో 323 ఇన్నింగ్స్ వేసి 27 ఆటలు గెలిచాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 1.73, ఆయన జీవితంలోనే అతి తక్కువ. లీగ్ విజేత తేలే ఆఖరి రోజున, అక్టోబరు 2న, ఫిలడెల్ఫియాలో మళ్ళీ రెండు రోజుల విశ్రాంతితోనే దిబ్బ ఎక్కి గెలిపించాడు. నాలుగు రోజుల తర్వాత వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ మీద ఓడాడు. వెనక నిలబడ్డ విల్లీ డేవిస్ ఒకే ఇన్నింగ్స్‌లో మూడు తప్పులు చేశాడు. కోఫాక్స్ ఆ మూడు తప్పుల గురించి ఒక్క మాట తూలలేదు.

నవంబరు 18న బెవర్లీ హిల్స్‌లో విలేకరులను పిలిచి, ఆట మానేస్తున్నానని చెప్పాడు. బేస్‌బాల్ తర్వాత బతకవలసిన ఏళ్ళు చాలా ఉన్నాయని, వాటిని శరీరమంతా పనిచేస్తుండగా బతకాలని ఉందని ఆయన ఇచ్చిన వివరణ. రోజూ కడుపులో అన్ని మందులు వేసుకోవడం, ఆడుతుండగా మత్తు తలకెక్కడం ఇక చాలనుకున్నాడు. లక్షా పాతిక వేల డాలర్ల జీతం, ఆటలో అగ్రస్థానం, చేతిలో ఉత్తమ పిచ్చర్ పురస్కారం. ఆ వేళ ఆయన ఇంకొక్క ఏడాది ఆడతానని ఉంటే ఎవరూ వద్దనేవాళ్ళు కాదు. పదమూడో ఏడు ఆడి ఉంటే ఎన్ని రికార్డులు వచ్చేవోనని లెక్కలు వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ లెక్కల్లో మోచెయ్యి ఉండదు.

మొత్తం 165 గెలుపులు, 87 ఓటములు, 2,396 స్ట్రైక్ అవుట్లు. 1972లో 36 ఏళ్ళ వయసులో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. అంత చిన్న వయసులో అక్కడికి ఎన్నికైనవాళ్ళు ఇంకొకరు లేరు. తర్వాత కొన్నేళ్ళు టీవీలో వ్యాఖ్యానం చెప్పి, అది తన పని కాదనుకుని వదిలేశాడు. డాడ్జర్స్ చిన్న లీగు జట్లలో కుర్ర పిచ్చర్లకు పాఠాలు చెప్పాడు. 2022లో డాడ్జర్ స్టేడియం దగ్గర డాడ్జర్స్ దిగ్గజం జాకీ రాబిన్సన్ విగ్రహం పక్కన ఆయన విగ్రహం పెట్టారు.

విసిరే చేతుల కథ కోఫాక్స్‌తో ఆగలేదు. 1974లో అదే డాడ్జర్స్‌కి ఆడుతున్న మరో ఎడమచేతి పిచ్చర్ టామీ జాన్‌కి మోచేతి స్నాయువు తెగింది. కెర్లన్‌తో కలిసి పనిచేసే డాక్టర్ ఫ్రాంక్ జోబ్, రోగి కుడిచేతి నుంచి స్నాయువు తీసి ఎడమ మోచేతిలో అమర్చాడు. అలాంటి శస్త్రచికిత్స అదే మొదటిది. టామీ జాన్ ఏడాదిన్నర తర్వాత తిరిగి వచ్చి 1989 దాకా ఆడాడు. ఆ చికిత్స ఆయన పేరుతోనే చెలామణి అవుతోంది. ఇప్పుడు అమెరికాలో హైస్కూలు పిల్లలకు కూడా ఆ చికిత్స చేయవలసి వస్తోంది. ముఖ్య కారణం, ఎదిగే వయసులో లెక్కకు మించి విసరడం. అందుకే అక్కడ పిల్లల లీగుల్లో రోజుకు ఎన్ని బంతులు వెయ్యవచ్చో, ఎన్ని రోజులు విశ్రాంతినివ్వాలో వయసును బట్టి నియమాలు పెట్టారు.

మన ఊళ్ళల్లోనూ క్రికెట్ అకాడమీలు పెరుగుతున్నాయి. పదేళ్ళ పిల్లలు పొద్దున ఒక నెట్‌లో, సాయంత్రం మరో నెట్‌లో, ఆదివారం మ్యాచ్‌లో బౌలింగ్ చేస్తున్నారు. తల్లిదండ్రులకు, శిక్షకులకు నా మనవి ఒక్కటే. మీ పిల్లవాడు రోజుకు ఎన్ని బంతులు వేస్తున్నాడో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. భుజం నొప్పి, మోచేయి నొప్పి, నడుం నొప్పి అంటే ఆ ఓవరు అక్కడే ఆపించి డాక్టరుకు చూపించండి. నొప్పి మాత్ర వేసి మ్యాచ్ ఆడించకండి.